చెరువు అంచున నీరుగొబ్బి: ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాల జలాశయ చరిత్రలో నమోదు కాని మొక్క

వ్యాససంగ్రహం

నెల్లూరు జిల్లా పడమటి మెట్టలో ఉన్న ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాల చరిత్రలో చెరువులది ప్రధాన స్థానం. శాసనాలు చెరువు కట్టను, తూమును, దాతను, మాన్యాన్ని నమోదు చేశాయి. కావ్యాలు తామరను, కలువను, తుమ్మెదను వర్ణించాయి. నీరు తగ్గేకొద్దీ చెరువు అంచున మొలిచి పూచే మొక్కలు మాత్రం ఈ రెండింటిలోనూ దాదాపు కనిపించవు. వాటి ఉనికికి ప్రజల భాషే ముఖ్యమైన ఆధారం. నీరుగొబ్బి అనే దేశీయ మొక్కను ఉదాహరణగా తీసుకొని ఈ మౌనానికి కారణం ఏమిటో, నేటి చెరువుల పునరుద్ధరణలో దాని పర్యవసానం ఏమిటో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: నీరుగొబ్బి, కోకిలాక్షము, చెరువు అంచు, ఉదయగిరి రాజ్యం, పోరుమామిళ్ల శాసనం, ఊరి పేర్లు, పరాగ సంపర్కం, పునరుద్ధరణ.

1. ఉపోద్ఘాతం

వెలిగొండలకు తూర్పున, పెన్నకు ఉత్తరాన పరచుకున్న నేల ఉదయగిరి, ఆత్మకూరు మెట్ట. బొగ్గేరు, బీరాపేరు వంటి ఉపనదులు, కొండల నుంచి దిగే వాగులు ఈ నేలకు నీటి దారులు. నైరుతి ఋతుపవనం కంటే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వీచే ఈశాన్య ఋతుపవనమే ఇక్కడి చెరువులను నింపుతుంది. కార్తిక మార్గశిరాల్లో నిండిన చెరువు మాఘం నుంచి వెనక్కి తగ్గుతూ వేసవికి అడుగంటుతుంది. ఒకే చెరువుకు ఏడాదిలో ఎన్నో ఒడ్డులు ఏర్పడతాయి. కట్ట కదలదు, అంచు కదులుతూ ఉంటుంది.

చెరువుల చరిత్ర రాసినవారు కట్టను గురించి విస్తారంగా రాశారు. ఎవరు కట్టించారు, ఎంత ఖర్చయింది, ఎన్ని పుట్ల భూమి తడిసింది, తెగినప్పుడు ఎవరు బాగుచేశారు అనే ప్రశ్నలకు ఆధారాలు దొరుకుతాయి. అంచును గురించిన ప్రశ్నలు వేరు. అక్కడ ఏమి మొలిచేది? దానిని ఎవరు గుర్తించారు? దేనికి వాడారు? ఏ పేరుతో పిలిచారు? ఈ ప్రశ్నలు వృక్షశాస్త్రానికి చెందినవని వదిలివేయడం పరిపాటి. మొక్కకు సంబంధించిన ప్రధాన ఆధారం దాని పేరే అయినప్పుడు ఆ ప్రశ్నలు భాషా చరిత్రలోకి వస్తాయి. అందుచేత వాటిని తెలుగు పరిశోధకులు కూడా చేపట్టవలసి ఉంది.

2. నీరుగొబ్బి: రూపం, తావు

నీరుగొబ్బి ముండ్ల గోరింట కుటుంబానికి చెందిన మొక్క. వృక్షశాస్త్రంలో దీని పేరు హైగ్రోఫిలా ఆరిక్యులేటా. చెరువు అంచుల్లో, గుంటల్లో, వరి మడుల గట్ల పక్కన, కాలువల బురదలో పెరుగుతుంది. కాడ నిటారుగా, నూగుతో, నలుపలకలుగా ఉంటుంది. కణుపు కణుపుకూ ఆకులు చుట్టుగా వస్తాయి. ప్రతి చుట్టులో ఆరు వాడి ముండ్లు ఉంటాయి. ఆ ముండ్ల నడుమనే ఊదా నీలం కలిసిన రెండు పెదవుల పువ్వులు గుత్తులుగా పూస్తాయి. కాయలోని చదునైన గింజలకు తడి తగిలితే జిగురు పొర ఏర్పడుతుంది. బురద తడిగా ఉన్నంత కాలం గింజ దానికి అంటుకొని నిలవడానికి ఈ జిగురు తోడ్పడుతుంది.

వర్షాలకు మొలిచి, లోతు తక్కువ నీటిలో నిలిచి, చెరువు తగ్గే శీతకాలంలో పూయడం ఈ మొక్క స్వభావం. అంటే ఈ ప్రాంతపు చెరువుకున్న ఏడాది క్రమానికి దీని జీవితం సరిపోతుంది. దట్టంగా పెరిగినచోట కాడలు అలల తాకిడిని తగ్గిస్తాయి, వేళ్లు మెత్తని ఒండ్రును పట్టి ఉంచుతాయి, పై నుంచి వచ్చే వాన నీటిలోని మట్టి కొంత అక్కడే ఆగుతుంది. ఈ పనిని ఒక్క నీరుగొబ్బే చేయదు. తుంగ, జమ్ము, కలువ వంటివి తమ తమ లోతుల్లో దానితో పాలుపంచుకుంటాయి.

పువ్వులోని గొట్టం అడుగున మకరందం ఉంటుంది. తేనెటీగలు, ఎండు కొయ్యను తొలిచి గూడు చేసుకొనే నల్లని తుమ్మెదలు ఈ పువ్వుల మీద వాలతాయి. సీతాకోకచిలుకలతో దీనికున్న సంబంధం ఇంకా లోతైనది. పీకాక్ పాన్సీ, గ్రే పాన్సీ అనే పేర్లతో పిలిచే రెండు జునోనియా జాతుల గొంగళిపురుగులు దీని ఆకును తిని పెరుగుతాయి. పెద్ద సీతాకోకచిలుకకు ఏ పువ్వు తేనె దొరికినా గడుస్తుంది. దాని పిల్లకు మాత్రం తనకు సరిపడే ఆకే కావాలి. అందువల్ల అంచున ఈ మొక్క లేకపోతే పోయేది ఒక రకం తేనె మాత్రమే కాదు.

ఇక్కడ ఒక పరిమితిని గుర్తించాలి. వరి గాలితో, తనంతట తానే పరాగ సంపర్కం జరుపుకొనే పంట. దానికి తేనెటీగ అవసరం లేదు. ఆయకట్టు వరి దిగుబడిని చూపి చెరువు అంచు పూలకు విలువ కట్టలేము. చెరువు చుట్టూ ఉన్న మెట్ట చేలలో వేసే గుమ్మడి, దోస, బీర వంటి పాదులకు ఈగలు రాకపోతే కాపు లేదు. నువ్వు, పొద్దుతిరుగుడు వంటి పంటలకు, కలువాయి, పొదలకూరు ప్రాంతాల నిమ్మతోటలకు వాటి రాక మేలు చేస్తుంది. పంట పువ్వు లేని నెలల్లో ఆ ఈగలు బతకడానికి వేరే పువ్వులు కావాలి. చెరువు అంచు ఇచ్చే ఆధారం అటువంటిది.

3. శాసనాల చెరువు

ఉదయగిరి మధ్యయుగంలో ఒక రాజ్యానికి కేంద్రం. విజయనగర తొలి పాలకుల కాలంలో రాజకుమారులు ఇక్కడ నుంచి పాలించారు. తరువాత గజపతుల చేతికి పోయిన ఈ దుర్గాన్ని 1513-14లో శ్రీకృష్ణదేవరాయలు ముట్టడించి వశం చేసుకున్నాడు. ఈ రాజ్యం వెలిగొండలకు పడమట నేటి కడప ప్రాంతంలోకి కూడా విస్తరించింది. అందుకే చెరువుల నిర్మాణాన్ని గురించి దక్షిణ భారతంలో దొరికిన అత్యంత వివరమైన శాసనాలలో ఒకటి ఉదయగిరి పాలకుడి పేరుతోనే ఉంది. అది కొండల అవతల ఉన్న పోరుమామిళ్ల శాసనం.

శక సంవత్సరం 1291, అనగా క్రీ.శ. 1369 నాటి ఈ సంస్కృత శాసనం మొదటి బుక్కరాయల కుమారుడైన భాస్కరుడు పోరుమామిళ్లలో చెరువు కట్టించిన సంగతి చెబుతుంది. భవదూరుడు అని మరో పేరున్న ఈ రాజకుమారుడు ఉదయగిరి శిఖరం నుంచి పాలించినట్లు అందులో ఉంది. వి.ఎస్. సుక్తాంకర్ పరిష్కరించగా ఇది ఎపిగ్రాఫియా ఇండికా 14వ సంపుటంలో వెలువడింది. రోజూ వెయ్యిమంది కూలీలు, రాళ్లు తోలే నూరు బండ్లు రెండేళ్లు పనిచేస్తే చెరువు పూర్తయిందని శాసనం లెక్క చెబుతుంది.

మన పరిశీలనకు ముఖ్యమైన భాగం ఈ శాసనంలోని చెరువు లక్షణాల పట్టిక. మంచి చెరువుకు పన్నెండు అంగాలు, ఆరు దోషాలు ఇందులో చెప్పారు. ధర్మపరుడు, ధనవంతుడు, కీర్తికాముడు అయిన రాజు, జలశాస్త్రం తెలిసిన బ్రాహ్మణుడు, గట్టి బంకమట్టి నేల, మూడు యోజనాల దూరం నుంచి వచ్చే తీయని నీటి ఏరు, కట్టకు ఆనుకొని ఉండే కొండ, మరీ పొడవు కాని దృఢమైన రాతి కట్ట, విశాలమూ లోతూ అయిన గర్భం, నిడుపాటి రాళ్లు దొరికే గని, దిగువన సమతలమైన సారవంతపు పొలాలు, నిర్మాణంలో నేర్పరులైన పనివారు ఆ అంగాలలో ఉన్నాయి. కట్ట నుంచి నీరు ఊరడం, చౌడు నేల, రెండు రాజ్యాల సరిహద్దులో ఉండడం, చెరువు నడుమ తాబేలు వీపులా మెరక ఉండడం, ఆయకట్టు ఎక్కువై నీరు చాలకపోవడం, నీరు ఎక్కువై భూమి చాలకపోవడం దోషాలు.

ఈ పట్టికలో రాయి ఉంది, మట్టి ఉంది, నీరు ఉంది, మనిషి ఉన్నాడు. మొక్క లేదు. దీనిని ఆనాటివారి అజ్ఞానంగా తీసుకోవడం తొందరపాటు. శాసనం చెరువును ఒక నిర్మాణంగా, ఒక ధర్మకార్యంగా చూసింది. మనిషి పూనుకొని చేయవలసిన వాటినే అది లెక్కించింది. అంచు మొక్కను ఎవరూ నాటనక్కరలేదు, నీరు వస్తే అదే వచ్చేది. తనంతట తాను వచ్చేదాన్ని అంగంగా చెప్పవలసిన అవసరం 14వ శతాబ్దంలో లేదు.

దానశాసనాల్లోనూ ఇదే ధోరణి. అలన్ బటర్‌వర్త్, వి. వేణుగోపాలచెట్టి 1905లో మూడు సంపుటాలుగా ప్రకటించిన నెల్లూరు జిల్లా శాసనాల సంకలనంలో ఆత్మకూరు, ఉదయగిరి తాలూకాల శాసనాలు విడివిడిగా చేర్చబడ్డాయి. మన ప్రాంతపు దానశాసనాల భాషలో చెరువు, కట్ట, తూము, మాన్యం అనే మాటలు పదేపదే వస్తాయి. చెరువు కట్టినవారికి లేదా తెగిన చెరువును బాగుచేసినవారికి దాని కింది భూమిలో భాగమిచ్చే దశబంధ మాన్యం ఈ వ్యవస్థకు ఆర్థిక పునాది. భూమికి ఎల్లలు చెప్పవలసి వచ్చినప్పుడు గుండ్లు, పుట్టలు, వాగులు, చింత, మర్రి వంటి చెట్లు శాసనంలోకి వస్తాయి. అవి ఉన్నచోట ఉంటాయి కనుక ఎల్లకు పనికివస్తాయి. నీటితోపాటు ముందుకూ వెనక్కూ జరిగే అంచు ఎల్ల కాలేదు. ఏటా ఎండిపోయే మొక్కను దానమివ్వలేరు, దాని మీద పన్ను వేయలేరు. శాసనం స్థిరమైన హక్కును నమోదు చేస్తుంది. చెరువు అంచు అస్థిరం. ఈ మౌనానికి మూలం ఇక్కడే ఉంది.

4. ఊరి పేర్ల సాక్ష్యం

శాసనం వదిలినదాన్ని ఊరి పేరు కాపాడుతుందని స్థలనామ పరిశోధకులు తరచు చెబుతారు. ఈ ప్రాంతపు పేర్లను ఆ దృష్టితో చూస్తే ఫలితం మిశ్రమంగా ఉంది. అనంతసాగరం, అనుమసముద్రంపేట అనే పేర్లలో సాగరం, సముద్రం అనే మాటలు పెద్ద చెరువును సూచిస్తాయి. కడలికి దూరంగా ఉన్న మెట్టలో ఈ మాటలు నిలవడం చెరువుకు ప్రజలిచ్చిన గౌరవానికి గుర్తు. మర్రిపాడులో చెట్టు ఉంది. వరికుంటపాడులో పంటా, కుంటా కలిసి ఉన్నాయి. చెట్టు, పంట, జలాశయం ఊరి పేర్లలోకి వచ్చాయి.

కలువాయి అనే పేరు మాత్రం జాగ్రత్తగా చూడవలసినది. వినగానే కలువపువ్వు స్ఫురిస్తుంది. చెరువు దగ్గర కలువలు విరివిగా ఉండడం వల్ల ఊరికి ఆ పేరు వచ్చిందని చెప్పడం సులభం, అందం కూడా. అయితే తెలుగు కాలువకు సమానమైన తమిళ పదం కాల్వాయ్. నీటి పాయ, నీటి నోరు అనే అర్థం అందులో ఉంది. కలువాయి అనే పేరు ధ్వనిలో కలువకు ఎంత దగ్గరో కాల్వాయ్‌కి అంతే దగ్గర. పెన్న నీటి దారుల నడుమ ఉన్న ఊరికి కాలువ పేరు రావడం అసహజం కాదు. ఈ రెండు వ్యుత్పత్తులూ నిలిచే అవకాశం ఉన్నందున కలువాయిని పువ్వుకు సాక్ష్యంగా ఈ వ్యాసం స్వీకరించడం లేదు.

గొబ్బి అనే మాట విషయంలోనూ ఈ జాగ్రత్త అవసరం. సంక్రాంతి గొబ్బెమ్మకు, గొబ్బిపాటకు ఈ మొక్క పేరుతో ముడిపెట్టడానికి ధ్వనిసామ్యం ఒక్కటే చాలదు. ఇష్టమైన అర్థాన్ని పేరు మీద రుద్దితే మొక్క చరిత్రకు మేలు జరగదు.

5. కావ్యాల చెరువు

శాసనంలో లేని పువ్వు కావ్యంలో నిండుగా ఉంటుంది. ప్రబంధానికి విధించిన అష్టాదశ వర్ణనల్లో జలక్రీడ ఒకటి. సరోవరం అనగానే తామర, కలువ, హంస, తుమ్మెద కవి కలానికి వచ్చి చేరతాయి. అయితే ఇవి ఎంతవరకు చూసినవి, ఎంతవరకు చదివినవి? నదులన్నిటిలో తామరలను, నీరున్న ప్రతిచోటా హంసలను వర్ణించవచ్చునని రాజశేఖరుడు కావ్యమీమాంసలో కవిసమయంగా చెప్పాడు. అనగా కావ్యంలోని తామర ఆ చెరువులో తామర ఉన్నదనడానికి సాక్ష్యం కాదు. అది కావ్యానికి ఉండవలసిన అలంకారం.

కావ్యపు తుమ్మెద తామరలో చిక్కుకొని రాత్రి గడుపుతుంది. చెరువు గట్టు మీది తుమ్మెద ముండ్ల నడుమ పూసిన నీరుగొబ్బి పువ్వు మీద వాలి, ఎండుకొయ్యలోని తన తొర్రకు పోతుంది. రెండూ ఒకే పేరున్న కీటకాలే, ఒకటి సంప్రదాయానిది, మరొకటి చెరువుది. కావ్యాన్ని తప్పుపట్టడానికి ఈ పోలిక చేయడం లేదు. పర్యావరణ చరిత్రకు కావ్యాన్ని ఆధారంగా వాడేటప్పుడు కవిసమయాన్ని మినహాయించి చదవాలన్నదే ఇక్కడ చెప్పదలచినది. అలా చదివితే ముండ్లున్న అంచు మొక్కలకు సరోవర వర్ణనలో దక్కిన చోటు ఎంత చిన్నదో తెలుస్తుంది.

6. నిఘంటువు, ప్రజావ్యవహారం

అమరకోశంలో ఈ మొక్కకు కోకిలాక్షము, ఇక్షురము వంటి పేర్లు ఉన్నాయి. అవి ఎక్కడ ఉన్నాయన్నది గమనించదగినది. తామర, కలువ మొదలైనవి ప్రథమ కాండలోని వారివర్గంలో నీటితోపాటు చెప్పబడ్డాయి. కోకిలాక్షము ద్వితీయ కాండలోని వనౌషధివర్గంలో అడవి చెట్లతో, ఓషధులతో కలిపి చెప్పబడింది. ఆ వర్గీకరణకు మొక్క చేసే వైద్యం ముఖ్యం, అది మొలిచే తావు కాదు.

తెలుగు పేరు ఈ వర్గీకరణను అనుసరించలేదు. తెలుగు నిఘంటు, వైద్య సంప్రదాయాల్లో గొలిమిడి, కోకిలాక్షము అనే పేర్లతోపాటు నీరుగొబ్బి కనిపిస్తుంది. గొబ్బి అనే మాటతో ముండ్లున్న మరికొన్ని మొక్కలనూ పిలుస్తారు. వాటి నుంచి దీనిని వేరుచేయడానికి ప్రజలు ఎంచుకున్న విశేషణం రంగు కాదు, రుచి కాదు, వైద్యగుణం కాదు. అది నీరు. నిఘంటువు వనంలో పెట్టిన మొక్కను వాడుక భాష నీటి పక్కకు తెచ్చింది.

ఇది తెలుగుకే పరిమితం కాదు. తమిళంలో ఇది నీర్‌ముళ్లి, అంటే నీటి ముల్లు. మలయాళంలో వయల్‌చుల్లి, అందులో వయల్ అంటే వరిపొలం. హిందీలో తాల్‌మఖానా, అందులో తాల్ అంటే చెరువు. వేరువేరు భాషలవారు వేరువేరు మాటలతో ఒకే విషయాన్ని గుర్తించారు. మొక్క ఏమిటో చెప్పాలంటే అది ఎక్కడ మొలుస్తుందో చెప్పాలి అన్నదే ఆ విషయం. ఈ పేర్లను ప్రజల పర్యావరణ పరిజ్ఞానానికి పత్రాలుగా పరిగణించవచ్చు. శాసనానికి స్థిరత్వం కావాలి, కావ్యానికి సంప్రదాయం కావాలి. పేరుకు కావలసింది రోజువారీ వాడుక మాత్రమే. అందువల్లనే కదిలే అంచును పేరు పట్టుకోగలిగింది.

వాడుక ఆగితే పేరు కూడా ఆగుతుంది. దీనికి ఉదయగిరిలోనే ఒక విరుద్ధమైన ఉదాహరణ ఉంది. ఇక్కడి కొయ్య గరిటెలు, చెంచాలు భౌగోళిక గుర్తింపు పొందిన హస్తకళ. నర్ది, బిక్కి, కల్ది వంటి దుర్గపు కొండ చెట్ల పేర్లు ఆ పనివారి నోళ్లలో నేటికీ ఉన్నాయి. పని బతికి ఉన్నంత కాలం పేరు బతుకుతుంది. నీరుగొబ్బి గింజలు మూలికల అంగళ్లలో నేటికీ దొరుకుతాయి. అంగడిలో గింజను కొనేవారికి చెరువు అంచున దాని పువ్వు తెలియకపోవచ్చు, అంచున దానిని చూసేవారికి అది పిచ్చిమొక్కగానే కనబడవచ్చు. పేరు ఒకచోట, మొక్క మరొకచోట మిగలడం అంతరించడానికి ముందు దశ. బెంగాల్‌లో ఇదే మొక్కను కులేఖారా పేరుతో ఆకుకూరగా వండుతారు, సంతలో అమ్ముతారు. అక్కడ పేరూ మొక్కా ఇంకా కలిసే ఉన్నాయి.

7. వృక్షశాస్త్ర గ్రంథాల రాక

ఐరోపావారి వృక్షశాస్త్రం ఈ మొక్కను ఊళ్ల పేర్ల ద్వారానే అందుకుంది. 17వ శతాబ్దం చివర డచ్చి అధికారి వాన్ రీడ్ వెలువరించిన హోర్టుస్ మలబారికుస్ అనే బృహద్గ్రంథంలో ఇది బహెల్ షుల్లి పేరుతో ఉంది. మలయాళపు వయల్‌చుల్లికి అది ఆనాటి వర్ణక్రమం. ఆ మాటే షుల్లి అనే జాతిపదంగా లాటిన్ నామకరణంలో చేరింది. కేరళ పొలాల్లోని మాట ప్రపంచ శాస్త్ర పరిభాషలోకి ఎక్కింది.

తెలుగు నేల మీద ఈ పనిని విలియం రాక్స్‌బర్గ్ చేశాడు. 18వ శతాబ్దపు చివరి దశకాల్లో సామర్లకోటలో ఉంటూ కోరమాండల్ తీరపు మొక్కలను చిత్రింపజేసి, వాటి తెలుగు పేర్లను సేకరించాడు. సండ్ర చెట్టు పేరు ఆయన ద్వారానే సుంద్ర అనే లాటిన్ రూపం పొందింది. తరువాత వాల్టర్ ఇలియట్ 1859లో ఫ్లోరా ఆంధ్రికా పేరుతో తెలుగు జిల్లాల మొక్కలకు తెలుగు పేర్ల పట్టికను ప్రకటించాడు. ఈ గ్రంథాలు మన భాషకు చేసిన మేలు చిన్నది కాదు.

నీరుగొబ్బి శాస్త్రనామం పలుమార్లు మారింది. బార్లేరియా, రుయెల్లియా, ఆస్టరకాంథా అనే ప్రజాతుల్లో తిరిగి చివరికి హైగ్రోఫిలాలో స్థిరపడింది. ఆస్టరకాంథా అంటే గ్రీకు భాషలో నక్షత్రపు ముల్లు. హైగ్రోఫిలా అంటే తడిని ప్రేమించేది. ముల్లు నుంచి తడికి చేరిన ఈ శాస్త్రనామ ప్రయాణం ముగిసిన చోటు నీరుగొబ్బి అనే తెలుగు పేరు మొదలైన చోటే.

8. అంచు మారిన తీరు

1877లో జమైకా నుంచి తెచ్చిన ప్రోసోపిస్ జూలిఫ్లోరా విత్తనాలను కడప జిల్లా కమలాపురం ప్రాంతంలో నాటారు. కరువు నేలలకు వంటచెరకు అందించడం దాని ఉద్దేశం. వెలిగొండలకు ఇరువైపులా ఉన్న బీళ్లు, వాగులు, చెరువు గర్భాలు కాలక్రమంలో ఆ చెట్టుతో నిండాయి. ప్రజలు దానికి పెట్టిన పేరు సర్కారు తుమ్మ. నీరుగొబ్బి పేరు మొక్క తావును చెబితే, సర్కారు తుమ్మ పేరు దానిని తెచ్చినవారిని చెబుతుంది. పేర్లలో చరిత్ర ఎలా నిక్షిప్తమవుతుందో చూపడానికి ఈ జంట చాలు.

సర్కారు తుమ్మ పువ్వులోనూ తేనె ఉంది, తేనెటీగలు దాని మీదా వాలతాయి. మరి నష్టమేమిటన్న ప్రశ్న సహేతుకమైనదే. ఆ చెట్టు గుంపుగా పెరిగిన చెరువు గర్భంలో నేల మీది గుల్మాలకు వెలుతురు, చోటు దొరకవు. ఆకు తిని బతికే గొంగళిపురుగులకు అది నీరుగొబ్బికి బదులు కాదు. నీటి పైన గుర్రపుడెక్క, లోతు తక్కువ చోట తూటికాడ కూడా దక్షిణ అమెరికా ఖండం నుంచి వచ్చి ఇదే విధంగా స్థలాన్ని ఆక్రమించాయి.

దేశీయత తావును బట్టి ఉంటుందని గుర్తుంచుకోవాలి. ఉత్తర అమెరికాలో సరస్సుల ఒడ్డును పునరుద్ధరించేటప్పుడు పాంటెడేరియా కార్డేటా అనే స్థానిక నీలిపూల మొక్కను నాటుతారు. అక్కడి తుమ్మెదలకు, తేనెటీగలకు అది ఆదరువు. గుర్రపుడెక్క ఆ మొక్క కుటుంబానికే చెందినది. ఒక ఖండపు ఒడ్డుకు రక్షణ అయిన కుటుంబం మరో ఖండపు చెరువుకు కలుపు అయింది. అందువల్ల ఇతర దేశాల మొక్కల జాబితాలు మనకు పనికిరావు. మన చెరువుకు కావలసిన జాబితా మన పేర్లలోనే ఉంది.

9. పునరుద్ధరణలో అంచు

మద్రాసు ప్రెసిడెన్సీలో చెరువుల పునరుద్ధరణ పథకం 1883లో మొదలైంది. కట్ట ఎత్తు, కలుజు వెడల్పు, తూము మట్టం, ఆయకట్టు విస్తీర్ణం అందులో లెక్కకు వచ్చాయి. 2015లో ఆంధ్రప్రదేశ్‌లో నీరు-చెట్టు, తెలంగాణలో మిషన్ కాకతీయ మొదలయ్యాయి. వీటిలో పూడికతీత ప్రధానమైన పని. పూడిక మట్టి పొలాలకు చేరి మేలు చేసింది, చెరువులో నీటి నిలువ పెరిగింది. ఈ ప్రయోజనాలను కాదనడానికి వీలులేదు.

అయితే 1369 నాటి పట్టికకూ, ఆధునిక అంచనా పత్రానికీ మధ్య ఒక పోలిక ఉంది. రెండింటిలోనూ మొక్కకు చోటు లేదు. 14వ శతాబ్దంలో ఆ మౌనం వల్ల హాని జరగలేదు, ఎందుకంటే అంచును చెరిపే యంత్రం ఆనాడు లేదు. నేడు ప్రొక్లెయిన్ చెరువు గర్భాన్ని అంచు దాకా ఒకే వాలుగా చెక్కగలదు. నిటారుగా కోసిన ఒడ్డులో నీరు ఒక్కసారిగా లోతవుతుంది, నీరుగొబ్బికి కావలసిన పలుచని నీటి పట్టీ మిగలదు. పూడికతోపాటు అందులో నిద్రించే గింజలూ తరలిపోతాయి. నమోదు కానిదానికి రక్షణ లేదన్న సంగతి ఇప్పుడు ఆచరణలో తేలుతోంది.

నీరుగొబ్బిని ఎక్కడబడితే అక్కడ పెంచాలని ఈ వ్యాసం వాదించడం లేదు. వరి మడిలో అది కలుపే. ముండ్ల వల్ల పశువుల రేవుకు, మనుషులు దిగే చోటికి అడ్డం. తూము ముందు, కలుజు దగ్గర ఏ మొక్కా దట్టంగా ఉండకూడదు. కట్టకు ఎదురుగా ఉండే లోతు తక్కువ వైపు, వాగు చెరువులో కలిసే చోట ఒక పట్టీని పూడికతీత నుంచి మినహాయిస్తే చాలు. అక్కడి సర్కారు తుమ్మను తొలగించి, ఒడ్డును మెల్లని వాలుగా ఉంచి, దగ్గరి చెరువుల నుంచి ఎండుకాయల గింజలు తెచ్చి చల్లవచ్చు. దీనికి పెద్ద ఖర్చు లేదు. అంచనా పత్రంలో ఒక పంక్తి కావాలి, ఆ పంక్తిలో రాయడానికి ఒక పేరు కావాలి.

నమోదు ఎంత మేలు చేస్తుందో చెప్పడానికి పాత నెల్లూరు జిల్లా దక్షిణ భాగంలోని నేలపట్టు నిదర్శనం. అక్కడి చెరువులో నీట నిలిచి పెరిగే బారింగ్టోనియా చెట్ల మీద గూడబాతులు గూళ్లు కట్టుకుంటాయి. 1976లో ఆ చెరువు పక్షుల రక్షిత కేంద్రమైంది. పక్షి పేరు కాగితం మీదికి రావడం వల్ల అది కూర్చునే చెట్టుకూ రక్షణ దొరికింది. తుమ్మెదకు, సీతాకోకచిలుకకు, వాటి మొక్కకు ఆ పేరు ఇంకా రాలేదు.

10. ముగింపు

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి.

1. ఉదయగిరి రాజ్యపు చెరువుల శాసనాలు స్థిరమైన నిర్మాణాన్ని, హక్కును నమోదు చేశాయి. ఏటా కదిలే అంచు, దాని మొక్కలు ఆ నమోదు పరిధికి వెలుపల ఉండిపోయాయి.

2. కావ్యాలలోని జలపుష్ప వర్ణన కవిసమయానికి లోబడినది. దానిని ఒక ప్రాంతపు వృక్షసంపదకు నేరుగా సాక్ష్యంగా తీసుకోరాదు. కలువాయి వంటి ఊరి పేర్ల విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం.

3. వైద్యాన్ని అనుసరించిన వర్గీకరణ కోకిలాక్షాన్ని వనౌషధులలో చేర్చగా, ప్రజావ్యవహారం దానికి నీటి పేరు పెట్టింది. తమిళ, మలయాళ, హిందీ పేర్లు కూడా తావునే చెబుతున్నందున ఈ పేర్లను పర్యావరణ పరిజ్ఞానానికి ఆధారాలుగా గ్రహించవచ్చు.

4. అంచు మొక్కల విషయంలో పాత పత్రాల మౌనం ఆనాడు నిరపాయకరం. యంత్రాలతో జరిగే నేటి పునరుద్ధరణలో ఆ మౌనమే నష్టానికి దారితీస్తుంది.

ఈ దిశలో తెలుగు శాఖలు చేయగల పని స్పష్టంగా ఉంది. విద్యార్థులు తమ ఊరి చెరువు దగ్గరికి శీతకాలంలో వెళ్లి, అంచున ఉన్న మొక్కలకు పెద్దలు చెప్పే పేర్లను, వాడుకలను సేకరించవచ్చు. వృక్షశాస్త్ర శాఖ సాయంతో ఆ పేర్లను శాస్త్రనామాలతో సరిచూడవచ్చు. ఉదయగిరి, ఆత్మకూరు, వింజమూరు కళాశాలల పరిధిలోని చెరువులకు అటువంటి పట్టిక తయారైతే అది మాండలిక నిఘంటువుకు చేర్పు అవుతుంది, చెరువు బాగుచేసే ఇంజనీరుకూ పనికివస్తుంది. నీరుగొబ్బి పేరు తెలిసినవారు ఊళ్లో ఉండగానే ఈ సేకరణ జరగాలి.